చూరు బయట

మొన్న మంగళవారం ఒకాయన రాజమండ్రి నుంచి మా నర్సరీకి వచ్చి, ఎక్కువ నీళ్ళు అడగని మొక్క ఒకటి కావాలన్నాడు. ఎక్కడ పెడతారండీ అన్నాను. ఎండ ఏ పక్క నుంచి తగులుతుందో తెలుసుకోకుండా మొక్క ఇవ్వను నేను. నాలో నిజాయితీ అనేది ఉంటే ఈ ఒక్క విషయంలోనే. ఆయన కాసేపు తన చెప్పుల వంక చూసుకుని, "మా ఆవిడ దగ్గరండి," అన్నాడు.

అప్పుడు గుర్తుపట్టాను. గడ్డం పూర్తిగా తెల్లబడింది. కనుబొమల్లో మాత్రం అప్పటిలాగే దూది పోగులు. పరుపులు కుట్టేవాళ్ళని ఆ దూది వదలదనుకుంటాను. ఆవిడ పోయి నలభై రోజులైందట. నాకు కబురు లేదు.

నందివర్ధనం ఇచ్చి పంపించాను. అప్పట్నుంచి నాకు కాలు నిలవడం లేదు. కుండీలు ఈ వరసలోంచి ఆ వరసలోకి మార్చి, మళ్ళీ ఈ వరసలోకే తెచ్చి పెడుతున్నాను. పనివాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. కుదురుగా కూర్చోవడం చేతకాని మనిషి గురించి తలుచుకుంటే మనకీ కుదురు పోతుంది కాబోలు. సరే, కూర్చుని రాసేస్తే పోతుందేమోనని రాస్తున్నాను.

పేరు రాయను. "నన్ను మీ కథల్లోకి లాగకండి అన్నయ్యగారూ," అని ఒకసారి ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు పేరు వరకే అని నేను అన్వయం చెప్పుకుంటున్నాను. ఒట్టు అన్నాక దాని హద్దు ఎక్కడో చూసుకోవాలి. ఆ విద్య నాకు ఆవిడ ఇంటి దగ్గరే అబ్బింది.

ఇంకో మాట. కడియం చుట్టుపక్కల నన్ను నమ్మేవాళ్ళు తక్కువ. కుండీలో కొబ్బరిచెట్టు పెంచి పదహారు కాయలు కోశానని నేను చెబితే, సామర్లకోట నుంచి ఇద్దరు పెద్దమనుషులు రైలెక్కి చూడ్డానికి వచ్చారు. కాబట్టి దీంట్లో ఎక్కడ నమ్మాలో ఎక్కడ మానాలో మీ ఇష్టం. ఇంటి కప్పు సంగతి మాత్రం నిజం. దానికి ఊరంతా సాక్ష్యం.

మా నర్సరీ వెనకాల కాలవ గట్టు మీద తాటాకుల ఇల్లు ఆవిడ పుట్టిల్లు. తండ్రి అక్కడి చిన్న మసీదులో బాంగు ఇచ్చేవాడు, అంటే నమాజు వేళకి పిలుపు. పగలంతా మా నర్సరీలో అంటు కట్టేవాడు. చూపు మందగించాక అంటు కట్టడం మానేశాడు గానీ పిలుపు మానలేదు. "దానికి కళ్ళక్కర్లేదు కదా బాబూ," అనేవాడు. తల్లికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది గానీ పదును తగ్గలేదు. వాళ్ళకి ఈవిడ ఒక్కతే. అన్నదమ్ముల్లేరు.

రాజమండ్రిలో భర్తకీ పిల్లలకీ వండిపెట్టి, రెండింటి బస్సుకి దిగేది. రోజూ. మూడేళ్ళకి పైగా. నెత్తిన కొంగు బిగించి, చంకలో సంచీ నొక్కిపట్టి, గట్టు మీద నడుస్తుంటే మా కనకాంబరాల వరస ఒక పక్కకి వాలేది. అంత గాలి. (ఇది నమ్మక్కర్లేదు.) వచ్చిన మనిషి తల్లికి స్నానం చేయించి, బట్టలు మార్చి, ఉతికి, ఆరేసి, అన్నం పిసికి నోట్లో పెట్టి, తండ్రికి రాత్రికి కూర వండి, సాయంత్రం బాంగుకి ముందే గట్టు దిగేది. మా ఆవిడ టీ ఇస్తే సగం తాగి, గ్లాసు ప్రహరీ మీద పెట్టేసేది. ఆ ప్రహరీ మీద సగం తాగిన గ్లాసు గుండ్రాలు ఇప్పటికీ ఉన్నాయి.

మాటలూ అంతే. ఒక రోజు వెళ్తూ వెళ్తూ, "అన్నయ్యగారూ, ఇవాళ అమ్మకి..." అని బస్సు హారన్ వినపడి పరిగెత్తింది. మర్నాడు రెండింటికి గేటు దగ్గర నన్ను చూసి, "...చిటికెన వేలు కదిలిందండి," అని లోపలికి వెళ్ళిపోయింది. ఒక వాక్యం పూర్తి కావడానికి ఇరవై గంటలు పట్టిందన్నమాట. ఆ ఇరవై గంటలూ అమ్మకి ఏమైందోనని నేను చచ్చాను.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు భర్త అనుమతి తీసుకునేది. ఆయన దూది మిషను దగ్గర చెవుల్లో గుడ్డ కుక్కుకుని కూర్చుంటాడు. "వెళ్ళొస్తానండీ," అని ఆయన ఊ అనేదాకా గుమ్మంలో నిలబడేదిట. ఒకసారి ఆయనకి గొంతు పోయింది. ఊ అనడానికి కూడా రాలేదు. సైకిలు బెల్లు కొట్టాకే కదిలిందని ఆయనే చెప్పాడు. ఇదంతా ఆయన గొప్ప కోసం అనుకోకండి. ఆ బెల్లు కొట్టించుకునేదాకా ఆయన్నీ కదలనివ్వలేదు ఆవిడ.

ఇంత పరుగు ఎందుకంటారా? దానికి ఒక వాన సాయంత్రం సంగతి చెప్పాలి.

తల్లికి పక్షవాతం కొట్టిన కొత్తలో ఈవిడ పదకొండు రోజులు పుట్టింట్లోనే ఉండిపోయింది. ఆ పదకొండో రోజు జడివాన. తాటాకులు పాతబడి కప్పు చిల్లుల గిన్నెలా కారుతోంది. మంచం ఎటు జరిపితే అటు కారుతోంది. మా నర్సరీ ప్లాస్టిక్ పట్టాలు పట్టుకుని నేను అప్పుడే లోపలికి వెళ్ళాను. నా వెనకే భర్త వచ్చాడు. రాజమండ్రి నుంచి సైకిలు మీద, నిలువునా తడిసి. అది ఆయన మూడోసారి రావడం.

"బయల్దేరు," అన్నాడు.

"ఈ ఒక్క రాత్రి ఉండనివ్వండి. కప్పు కారుతోంది. అమ్మని ఎటు జరిపినా మీద పడుతోంది."

"నిన్నా ఒక్క రాత్రే అన్నావ్. పిల్లది జ్వరంతో మూలుగుతోందక్కడ. నేను పరుపులు కుట్టనా, దాని నుదుటి మీద గుడ్డ వెయ్యనా?"

"జ్వరమా? చెప్పలేదేంటండీ?"

"ఎప్పుడు చెప్పను? ఎప్పుడొచ్చినా నువ్వు ఆ కప్పు వంకే చూస్తున్నావ్! ఇవాళ కారుతుంది, రేపూ కారుతుంది, సంక్రాంతి దాకా కారుతూనే ఉంటుంది!" అని పైకి చెయ్యి చూపించి అరిచాడు. "అయితే విను. ఇకమీద మగ్రిబ్ బాంగు అయ్యాక, రాత్రి పూట, నువ్వు ఈ కప్పు కింద ఉన్నావా, నీకు మూడు తలాకులు."

అని, తనే చేత్తో నోరు మూసుకున్నాడు.

మగ్రిబ్ అంటే పొద్దుగూకగానే చేసే నమాజు. తండ్రి అప్పటికే మసీదుకి వెళ్ళాడు. ఇంకో నిమిషమో రెండు నిమిషాలో. ఈవిడ తల్లి వంక చూసింది, భర్త వంక చూసింది, చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటి వానలోకి వెళ్ళింది. చూరు నీళ్ళు పడి పడి ఇంటి చుట్టూ మట్టిలో సన్నటి గాడి పడి ఉంటుంది చూడండి, దాన్ని దాటి, దానికి జానెడు అవతల నిలబడింది. అప్పుడు తండ్రి గొంతు మైకులోంచి వచ్చింది. పిలుపు అయిపోయేదాకా కదలకుండా తడిసింది. ఆ తర్వాత భర్త సైకిలు వెనక కూర్చుని వెళ్ళిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అది షరతు పెట్టి అన్న మాట. షరతు జరిగిన క్షణాన పెళ్ళి పోతుంది. మర్నాడే ఆయన, మసీదులో నమాజు చేయించే హజ్రత్ గారి దగ్గరకెళ్ళి ఏడ్చాడు. మాట వెనక్కి రాదు, జాగ్రత్తగా బతకండి, అన్నారాయన. భర్త దగ్గర ఉండాల్సిన మనిషి ఎలాగూ రాత్రికి ఇంటికి వెళ్ళేదే. ఇప్పుడు ఆ వెళ్ళడానికి అంచు పుట్టింది. బస్సు తప్పినా, కాలవ గట్టు తెగినా, తల్లికి ఆయాసం వచ్చినా, ఆ అంచు జరగదు. పైగా ఆ గడువుని రోజూ మోగించేది కన్నతండ్రి గొంతే. "పది నిమిషాలు ఆలస్యం చెయ్యకూడదా?" అని నేను తండ్రిని అడిగాను, నా బుద్ధి కొద్దీ. ఆయన నొచ్చుకోలేదు. "ఆ పిలుపు నాది కాదు కదా బాబూ," అన్నాడు.

రంజాన్ నెలలో చూడాలి ఆ ఇల్లు. ఉపవాసం విడిచే వేళ సరిగ్గా ఆ వేళే. తండ్రి మసీదులో, తల్లి లోపల మంచం మీద, ఈవిడ చూరు గాడికి జానెడు బయట. తల్లి నోట్లో పెట్టాల్సిన ఖర్జూరం ముందే గింజ తీసి ఆవిడ కుడి చేతిలో పెట్టి వచ్చేది. బాంగు వినపడగానే బయట నుంచి ఈవిడ, "తినమ్మా," అనేది. లోపల్నుంచి తల్లి, "నువ్వు తిను ముందు," అనేది. ఇద్దరూ ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగి, చివరికి ఇద్దరూ ఆలస్యంగా తినేవాళ్ళు.

మాట అన్నది భర్త. భయం కూడా ఆయనదే. తర్వాత ఒక పాత మోపెడ్ కొనుక్కుని, నాలుగింటికే మా గేటు దగ్గర వచ్చి నిలబడేవాడు. ఇంట్లోకి వెళ్ళేవాడు కాదు. అత్తగారు ఆయనతో మాట మానేసింది. గేటు దగ్గర నుంచే నన్ను తినేసేవాడు.

"ఎండ పసుపెక్కింది, చూశారా? పిలవండి ఆవిణ్ణి."

"ఇంకా గంటన్నర ఉందండీ బాబూ."

"మబ్బు పడితే తెలియదండి. పిలవండి."

"మీకంత భయమైతే ఆ రోజు నోటికి తాళం వేసుకోవాల్సింది."

"తాళం వేసుకోడానికి అప్పుడు బుర్ర ఎక్కడుందండీ," అని మళ్ళీ పడమరకి తిరిగేవాడు. లోపల్నుంచి అత్తగారి గొంతు, మా అందరికీ వినపడేలా: "వచ్చాడే మీ ఆయన, సూర్యుణ్ణి కొలవడానికి!"

ఒకసారి ఆగలేక అడిగాను ఆవిణ్ణి. "చెల్లమ్మా, ఇద్దరిలో ఎవరి మాట పెద్దది మీకు? మొగుడా, అమ్మా?"

బట్టలు పిండుతోంది. పిండటం ఆపలేదు. "అలా తూకం వెయ్యడానికి లేదండి. రేపు పైన అల్లా ముందు రెండూ అడుగుతారు. ఆయన హక్కు ఆయనది, అమ్మ హక్కు అమ్మది. ఒకటి చూపించి ఇంకోటి మాఫీ చెయ్యమంటే ఒప్పుకోరు."

"మరి మీ హక్కో?"

తీగ మీద చీర విదిలించింది. నీళ్ళు నా మొహం మీద పడ్డాయి. "మీరు తప్పుకోండి, టైమవుతోంది."

టైము అన్నాక నా దొంగతనం కూడా చెప్పాలి.

ఆ ఇంట్లో గడియారం చెడిపోయింది. తండ్రి రోజూ సాయంత్రం కంచె అవతల నుంచి, "టైమెంతయింది బాబూ?" అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. ఆయన మసీదుకి బయల్దేరేవాడు. "నేను వెళ్తున్నానమ్మా," అంటే అదే కూతురికి లేవమని గుర్తు. నేనేం చేశానంటే, రోజూ పావుగంట కలిపి చెప్పేవాణ్ణి. మసీదులో వేరే గడియారం, చూసి చెప్పే మనుషులూ ఉన్నారు, బాంగు వేళ తప్పేది కాదు. ఎవరికీ చెడు తలపెట్టి కాదు. ఏ రోజైనా అడుగు తడబడితే ఒక సంసారం పోతుందే అని. అబద్ధం చెప్పడమే పనైన మనిషికి, మేలు చేసే అబద్ధం దొరికితే ఎంత గర్వంగా ఉంటుందో మీకు తెలియదు. రెండేళ్ళు ఆ గర్వంతో నిద్రపోయాను.

ఒక పండక్కి భర్త ఆవిడకి చేతి గడియారం కొనిచ్చాడు. ఆ మర్నాడు సాయంత్రం తండ్రి అడిగాడు, నేను చెప్పాను. ఆవిడ కంచె దగ్గరకి వచ్చింది. ఎప్పుడూ లేనిది, మెల్లగా నడిచి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీ గడియారం ఓసారి చూపిస్తారా?"

చూపించాను. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది. నా నోట్లోంచి వచ్చింది పావుగంట ముందున్న టైము. నా చేతి మీదున్నది సరైన టైమే.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

ఏ ప్రశ్నకైనా నా దగ్గర మూడు జవాబులుంటాయి. ఆ రోజు దొరికింది ఒక్కటే. "మీ మంచికే..." అన్నాను.

"తెలుసండి. మంచికే." కోపం లేదు గొంతులో. వేళ్ళ మీద లెక్క చూసుకుంది. "అమ్మకి తల చిక్కు తీసి జడ వెయ్యడానికి సరిగ్గా పావుగంట పడుతుంది. రెండేళ్ళ నుంచి రోజూ సగం దువ్వి ముడి చుట్టేసి వెళ్తున్నాను."

అంతే అంది. మా ఆవిడ ఆ రాత్రి వడ్డించిన అన్నం నేను తినలేదు. తినలేదంటే, మామూలు కంటే తక్కువ తిన్నాను. మర్నాటి నుంచి ఆవిడ కంచె దగ్గర నిలబడి, అందరికీ వినపడేలా, "అన్నయ్యగారూ, అసలు టైమెంత? మీ టైమెంత?" అని అడిగేది. అదే నాకు వేసిన శిక్ష. పనివాళ్ళు ఇప్పటికీ నన్ను అలాగే ఏడిపిస్తారు.

నాలుగో ఏడు ఎండాకాలం చివర్లో తల్లికి జబ్బు ముదిరింది. రాజమండ్రి డాక్టరు చూసి, ఇంటికి తీసుకెళ్ళి దగ్గర కూర్చోండి అన్నాడు. దగ్గర కూర్చోవడమే కదా ఆ ఇంట్లో కుదరనిది. పొద్దు వాలుతుంటే ముసలావిడ కుడి చేత్తో కూతురి కొంగు పట్టుకునేది. ఈవిడ ఒక్కొక్క వేలూ విడదీసి, ఆ చేతిని దుప్పటి కింద పెట్టి, వెనక్కి చూడకుండా బయటికి వచ్చేది. రాత్రంతా చూపు లేని తండ్రి పక్కన కూర్చుని, ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకునేవాడు.

మంచాన్ని మా షెడ్డులోకి మోసుకొద్దామన్నాను. ముసలావిడ వినలేదు. "నేను ఈ గుమ్మం దాటేది ఒకేసారి. అప్పుడు ఎవరూ నన్ను అడగక్కర్లేదు," అంది.

ఆ సాయంత్రం ఆవిడ మా గేటు దగ్గర ఆగింది. సంచీ చంకలో లేదు, నేల మీద పెట్టింది. నేను గొంతు తగ్గించి చెప్పాను.

"చెల్లమ్మా, ఆ రోజు ఆ మాట విన్నది ఎవరు? మీరిద్దరూ కాక మీ అమ్మ, నేను. ఆవిడ ఎవరికీ చెప్పే స్థితిలో లేదు. నేను హజ్రత్ గారి దగ్గరకెళ్ళి, ఏడుపులో ఆయన మీకు తప్పు చెప్పాడు, అసలు అలా అననే లేదు అని చెప్పేస్తాను. మీ ఆయన్ని నేను ఒప్పిస్తాను. మీరు హాయిగా అమ్మ దగ్గర ఉండండి."

"మీరు చెబితే ఎవరు నమ్ముతారండీ?" అంది. నవ్వింది కూడా. తర్వాత నవ్వు పోయింది. "నమ్మినా వద్దు. హజ్రత్ గారు నమ్మచ్చు, ఊరు నమ్మచ్చు. రేపు ఆయనకి అన్నం పెడుతూ, ఈయన నా మొగుడో కాదో తెలియకుండా ఎలా పెట్టనండీ? ఆయన్ని పాపంలో కూర్చోబెట్టి వచ్చిన చేత్తో అమ్మ నోట్లో నీళ్ళు పోస్తే, దిగుతాయా?"

"మరేం చేస్తారు?"

"తెలియదు." చీకటి పడకముందు ఆవిడ అలా ఒకే చోట నిలబడటం చూస్తే నాకు భయం వేసింది. "మీరు వెళ్ళండి హజ్రత్ గారి దగ్గరకి. మా ఆయన్నీ తీసుకెళ్ళండి. ఏదైనా దారి ఉందేమో అడగండి. కానీ అన్నది అన్నట్టు చెప్పండి. ఈ ఒక్కసారికి మీ సొంతం ఏమీ కలపకండి."

మర్నాడు పొద్దున్నే భర్తా నేనూ మసీదు అరుగు మీద హజ్రత్ గారి ముందు కూర్చున్నాం. నేను ఆ వాన, ఆ పిల్లదాని జ్వరం, ఆ మాట, అన్నీ చెప్పాను. అప్పట్లో ఏడుపులో భర్త ఆ మాట సరిగ్గా చెప్పనే లేదట. హజ్రత్ గారికి నా కొబ్బరిచెట్టు కథ తెలుసు. "ఆ మాట ఇంకోసారి చెప్పండి," అన్నారు. చెప్పాను. మధ్యలో నీళ్ళు తెప్పించి, వేరే కబుర్లాడి, ఉన్నట్టుండి "మళ్ళీ చెప్పండి," అన్నారు. మూడుసార్లూ ఒక్క అక్షరం మారలేదు. నా జీవితంలో ఒక విషయం మూడుసార్లు ఒకేలా చెప్పడం అదే మొదలు.

ఆయన భర్త వైపు తిరిగారు. "అత్త దగ్గర ఉండద్దన్నావా? ఆ ఇంట్లో ఉండద్దన్నావా?"

"కప్పు కింద అన్నానండి."

"నోటితో అన్నది విన్నాను. మనసులో ఏముంది?"

"కప్పేనండి. అత్త మీద నాకేం కోపం లేదు. ఆ రోజు ఎటు చూసినా ఆ కారే కప్పే. ఆవిణ్ణి నాకు కాకుండా చేసింది ఆ కప్పే అనిపించింది. దాని మీదే అన్నాను."

"అల్లా వింటున్నాడు."

"వింటున్నాడనే చెబుతున్నానండి."

హజ్రత్ గారు తిప్పుతున్న తస్బీ పూసలు పక్కన పెట్టారు. "నీకు భార్య మీద హక్కు ఉంది నాయనా. తల్లికీ ఆమె మీద హక్కు ఉంది. ఆ బంధం తెంపమని నీకు ఈ హక్కు ఇవ్వలేదు. తెలిసిందా? ఇక షరతు అంటావా, నోటా మనసులోనా కప్పు మీదే పెట్టావు. కప్పు ఉన్నంతకాలం అది ఉంటుంది." అక్కడ ఆపేశారు.

భర్త లేచాడు. సలాం చెప్పాడు. చెప్పులు అక్కడే వదిలేసి మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు. నేను ఆ చెప్పులు పట్టుకుని వెనకాల నడుస్తూ, మనిషికి మతి పోయిందనుకున్నాను.

నేను వచ్చేసరికి ఆయన కప్పు మీదున్నాడు. రెండు చేతులా తాటాకులు పీకి కిందకి విసురుతున్నాడు. ఏళ్ళనాటి దుమ్ము, ఎలుక గూళ్ళు, తేళ్ళు, అన్నీ కింద పడుతున్నాయి. ఊరు పోగైంది. పరుపుల సాయిబుకి పిచ్చెక్కింది, అత్తగారి ఇల్లు కూల్చేస్తున్నాడు అని ఒకటే గోల. రెండింటి బస్సు దిగి ఆవిడ గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చింది. ఈసారి కనకాంబరాలు నిజంగానే వాలాయి.

"ఏంటండీ ఇది! అమ్మ లోపలుంది!"

"లోపలికెళ్ళి ఆవిడ మొహం మీద చీర పట్టు! దుమ్ము పడుద్ది!"

"దిగండి ముందు! కప్పు లేకుండా అమ్మ..." అని ఆగిపోయింది. నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడింది. అర్థమైంది. గబగబా లోపలికి పరిగెత్తి తల్లి మీదకి వంగి కొంగు పరిచింది.

నేనూ ఎక్కాను. నా వయసుకీ నా పొట్టకీ అది అబద్ధంలా ఉంటుంది గానీ, ఎక్కాను. మా పనివాళ్ళు నలుగురు ఎక్కారు. తండ్రి వాకిట్లో నిలబడి తల పైకెత్తి, "నాకు కనపడదు బాబూ. ఏమైనా మిగిలిందేమో చూడండి. వాసాలు కూడా విప్పెయ్యండి," అంటున్నాడు. వాసాలూ విప్పాం, వెన్నుదూలమూ దింపాం. ఐదున్నర అయ్యేసరికి ఆ ఇంటికి నాలుగు మట్టి గోడలు, ఒక గుమ్మం, పైన ఆకాశం మిగిలాయి. అసలు టైమే చెబుతున్నాను.

తండ్రి మసీదుకి వెళ్ళాడు. భర్త గోడ మీదే కూర్చుని ఉన్నాడు, ఒళ్ళంతా గీరుకుపోయి. బాంగు మొదలైంది. ఆవిడ కాళ్ళు వాటంతట అవే లేచాయి. సంచీ కూడా అందుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"బాంగండీ..."

ఆయన పైకి వేలు చూపించాడు. ఆవిడ చూసింది. సంచీ కింద పెట్టి, తల్లి తల ఒళ్ళోకి తీసుకుని, చిక్కు తియ్యడం మొదలుపెట్టింది. మేమంతా మెల్లగా బయటికి వచ్చేశాం.

ముసలావిడ నాలుగో రోజు పొద్దున్నే పోయింది, కూతురి ఒళ్ళోనే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు కళ్ళల్లో నిలిచిపోయింది దానికి ముందు రోజు సాయంత్రం. ఆ మూడు రోజులూ ఊరందరి మెడలూ పైకే ఉన్నాయి. తొలకరి రోజులు. మబ్బు వస్తుంది, పోతుంది. నేను పట్టా తెచ్చి గోడల మీద పరుస్తానంటే భర్త నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దండి! పరిస్తే అదీ కప్పే అవుతుంది."

మూడో సాయంత్రం చినుకులు పడ్డాయి. నేను వెళ్ళి చూద్దును గదా, ఆయన మంచం తలవైపు నిలబడి నల్ల గొడుగు పట్టుకున్నాడు. గొడుగు కప్పు కిందకి వస్తుందా రాదా అని ఎవరూ హజ్రత్ గారిని అడగలేదు. అడిగితే ఏం చెబుతారో అని. అందుకని ఆయన దాన్ని అత్తగారి మీద వరకే పట్టాడు. భార్యకి ఒక్క అంచు కూడా తగలకుండా, చేతులు అవతలికి చాచి. ఆవిడ మంచం పక్కన నేల మీద, వానలో, తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన వెనకాల వానలో. మగ్రిబ్ బాంగు మొదలై, అయిపోయింది. ఎవరూ కదల్లేదు.

ముసలావిడ కళ్ళు తెరిచి ఉన్నాయి. చాలాసేపు గొడుగు వంక, తర్వాత గొడుగు పట్టుకున్న చేతి వంక, తర్వాత ఆ చేతి వెనకున్న మొహం వంక చూసింది. ఆ మొహంతో ఆవిడ మాట్లాడి మూడేళ్ళు దాటింది.

"అబ్బాయ్," అంది ముద్దగా. "తడిసిపోతున్నావ్. కాస్త నీ మీదకి కూడా పట్టుకో."

"అలాగే అత్తా," అన్నాడు. గొడుగు మాత్రం అంగుళమైనా జరపలేదు.